మందం చెప్పని కాలం



ఏరు కోసిన గట్టులోనో, రోడ్డు కోసం పగలగొట్టిన కొండ పక్కనో రాతి పొరలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని కనిపిస్తాయి. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఈ సంగతి 1669లోనే స్టెనో అనే శాస్త్రవేత్త రాసిపెట్టాడు. అంతవరకూ చిక్కేమీ లేదు. ఒక్కొక్క పొర పడటానికి ఎంత కాలం పట్టిందన్న దగ్గరే చిక్కంతా. వంద మీటర్ల మందం ఉన్న పొరకి పది మీటర్ల పొర కంటే పది రెట్లు కాలం పట్టి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. పందొమ్మిదో శతాబ్దపు గొప్ప భూవిజ్ఞానులు కూడా ఇంచుమించు అలాగే అనుకున్నారు. ఆ లెక్క ఎంత తప్పో ఒక బడిపంతులు తేల్చాడు. అందుకు ఆయనకు సాయపడినవి నల్లరాతి మీద సన్నని గీతల్లా కనిపించే శిలాజాలు. వాటి పేరు గ్రాప్టొలైట్లు.

ముందు ఆ ప్రాణి సంగతి చూద్దాం. నల్లటి షేల్ రాయి పలకలు పలకలుగా విడిపోతుంది. అలా విడదీసిన పలకని చేతిలోకి తీసుకుని చూస్తే మొదట ఏమీ కనపడదు. నలుపు మీద నలుపే. పలకని వెలుతురుకి కాస్త వాలుగా తిప్పితే ఒక కోణంలో వెండి జరీ మెరిసినట్టు సన్నని గీత బయటపడుతుంది. పొడవు అంగుళమో రెండంగుళాలో. భూతద్దం పెడితే గీతకి ఒక అంచున వరసగా పళ్ళుంటాయి. కొన్ని జాతులకి రెండంచులా ఉంటాయి. కొన్నిటిలో గీత చుట్టలు తిరిగి ఉంటుంది. ఒక్కొక్క పన్నూ ఒక్కొక్క చిన్న గొట్టం. ఆ గొట్టంలో మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే ప్రాణి కాపురం ఉండేది. అంటే గీత మొత్తం ఒక జీవి కాదు, ఒకే పిల్ల నుంచి మొగ్గలు తొడుగుతూ పెరిగిన కుటుంబం. నడి సముద్రంలో తేలుతూ, నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటూ బతికేది.

ఇది ఏ జాతి ప్రాణో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. జీవుల వర్గీకరణకి పేరుపడ్డ లినేయస్ అయితే ఇవి శిలాజాలే కావు, శిలాజాల్ని పోలిన గీతలు అనుకున్నాడు. మొక్కలన్నవాళ్ళున్నారు, పగడాల బంధువులన్నవాళ్ళున్నారు. చివరకి పోలెండులో రోమన్ కొజ్లోవ్‌స్కీ అనే ఆయన చెకుముకి వంటి రాయిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించి, నలగని, అణగని గ్రాప్టొలైట్ గొట్టాల్ని బయటికి తీశాడు. గొట్టపు గోడ సగం సగం ఉంగరాలు ఎదురెదురుగా అతికినట్టు కట్టి ఉంది. ఇప్పటికీ నార్వే తీరపు నీళ్ళలో బతికే రాబ్డోప్లూరా అనే చిన్న ప్రాణి కూడా సరిగ్గా అలాగే ఇల్లు కట్టుకుంటుంది. 1938లో ఆ సంగతి ప్రకటించాడు, 1949లో పెద్ద గ్రంథమే వేశాడు. రాబ్డోప్లూరా లాగే, వెన్నెముక గల జంతువులకి, అంటే మనకి, ఇవీ దూరపు చుట్టాలన్నమాట. ఆ చుట్టరికం కలవడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఈలోగా, అది ఏ ప్రాణో తెలియకుండానే దానితో కాలం లెక్క కట్టేశారు. సైన్సులో ఇలాంటివి జరుగుతుంటాయి.

ఆ లెక్క కట్టిన మనిషి పేరు చార్లెస్ లాప్‌వర్త్. 1842లో ఇంగ్లండులో పుట్టాడు. 1864లో స్కాట్లాండు సరిహద్దు ప్రాంతంలోని గాలాషీల్స్ పట్టణంలో బడిపంతులుగా చేరాడు. భూవిజ్ఞానం ఎక్కడా చదువుకోలేదు. సెలవు దొరికితే చుట్టుపక్కల కొండలెక్కేవాడు. ఆ కొండల్ని సదరన్ అప్‌లాండ్స్ అంటారు. అక్కడ ఎక్కడ చూసినా గ్రేవాకే అనే ముతక ఇసుకరాయి, మధ్యమధ్య సన్నగా నల్ల షేల్ పట్టీలు. పొరలు దాదాపు నిటారుగా నిలబడి ఉంటాయి. మైళ్ళ తరబడి నడిచినా అదే వరస: గ్రేవాకే, నల్ల పట్టీ, మళ్ళీ గ్రేవాకే, మళ్ళీ నల్ల పట్టీ.

ప్రభుత్వ సర్వేవాళ్ళు అప్పటికే పటాలు గీశారు. వాళ్ళ లెక్కలో ఇదంతా ఒకదాని తర్వాత ఒకటి పేరుకున్న ఒకే ఒక మహా దొంతర. ఎన్ని నల్ల పట్టీలుంటే సముద్రం అడుగున అన్నిసార్లు నల్ల బురద పడిందన్నమాట. ఆ లెక్కన మొత్తం మందం వేల మీటర్లు తేలింది. పైగా ప్రతి నల్ల పట్టీలోనూ గ్రాప్టొలైట్లు ఉన్నాయి కాబట్టి ఈ ప్రాణులు యుగాల తరబడి మారకుండా బతికాయనీ, కాలం తేల్చడానికి అవి పనికిరావనీ తీర్మానించారు. పటం సరైనదే అనుకుంటే ఆ మాటా సరైనదే.

లాప్‌వర్త్‌కి పటం మీదే అనుమానం వచ్చింది. మాఫట్ ఊరి నుంచి సెల్‌కర్క్ వెళ్ళే దారిలో డాబ్స్ లిన్ అని ఒక లోయ ఉంది. ఏరు నల్ల షేల్‌ని నిలువునా కోసుకుంటూ పోయింది. దగ్గర్లో బర్క్‌హిల్ అనే కుటీరంలో దిగి, ఆ లోయలో పొర పొరా విప్పుకుంటూ పోయాడు. సర్వే మనిషి ఒక గట్టు నుంచి ఒక సంచెడు శిలాజాలు ఏరి, అన్నిటికీ కలిపి ఒకే చీటీ అంటించేవాడు. లాప్‌వర్త్ ఏ గీత ఏ అంగుళంలో దొరికిందో విడివిడిగా రాసుకున్నాడు. నా దృష్టిలో ఆయన చేసిన కొత్త పని అదొక్కటే. మిగతాదంతా దాని వెంటే వచ్చింది.

అలా చూసేసరికి నల్ల షేల్‌లో మూడు భాగాలు తేలాయి. అడుగున గ్లెన్‌కిల్న్, మధ్యలో హార్ట్‌ఫెల్, పైన బర్క్‌హిల్. ఒక్కో భాగంలో మళ్ళీ చిన్న చిన్న అంచెలున్నాయి. ప్రతి అంచెకీ దాని సొంత గ్రాప్టొలైట్లు, ఆ అంచెనే జోన్ అంటారు. కింది అంచెలో ఉన్న జాతి పై అంచెకి వచ్చేసరికి మాయమవుతుంది, కొత్తది వస్తుంది. పోయినది తిరిగి రాదు. ఈ వరస పట్టుకుని ఆయన పక్క లోయకి వెళ్ళాడు, అక్కడా అదే వరస. మూడో లోయలోనూ అంతే. కొన్నిచోట్ల వరస తలకిందులుగా ఉంది. అంటే అక్కడ పొరలే బోర్లా పడ్డాయి. కొన్నిచోట్ల వరస సగంలో తెగి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతోంది. అంటే అక్కడ రాయి విరిగి జారింది.

ఇంకేముంది, లెక్క తేలిపోయింది. నల్ల పట్టీలు పది కావు, ఇరవై కావు, ఒక్కటే. ఆ ఒక్క షేల్ పొరా ముడుతలు పడి, విరిగి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, మళ్ళీ మళ్ళీ నేల మీదికి తేలింది. సర్వేవారి మహా దొంతర మడత పెట్టిన దుప్పటిలాంటిదని తేలింది. 1878లో మాఫట్ పొరల మీద లాప్‌వర్త్ వ్యాసం అచ్చయింది. ఒక బడిపంతులు ప్రభుత్వ పటం తప్పని రుజువు చేశాడు. సర్వే సంస్థ ఆ కొండల్ని మళ్ళీ సర్వే చేయించింది. బెన్ పీచ్, జాన్ హార్న్ అనే ఇద్దరు మేటి సర్వేయర్లు ఆ పని చేసి 1899లో పెద్ద సంపుటం వేశారు. అందులో లాప్‌వర్త్ మాటే నిలిచింది.

ఇప్పుడు మందం సంగతికి వద్దాం. డాబ్స్ లిన్ లోయలో బర్క్‌హిల్ షేల్ మందం సుమారు 43 మీటర్లు. ఆ నల్ల బురద పేరుకోవడానికి పట్టిన కాలం దాదాపు 50 లక్షల ఏళ్ళు. అంటే ఒక్కో మీటరుకి లక్ష ఏళ్ళు దాటాయి. మరి దాని మీద వందల మీటర్ల మందాన ఉన్న గ్రేవాకేకో? దాని అడుగున, పైన దొరికిన గ్రాప్టొలైట్లని పోల్చి చూస్తే ఆ మందమంతా ఒకటి రెండు జోన్ల కాలంలోనే వచ్చి పడింది. ఎందుకంటే గ్రేవాకే పడే తీరు వేరు. సముద్రపు వాలు మీద నుంచి ఇసుకా బురదా కలిసి వరదలా జారుతాయి. ఒక పొర మొత్తం గంటల్లోనో రోజుల్లోనో పడిపోతుంది. నల్ల బురద అలా కాదు. పైనుంచి ధూళిలా రాలుతుంది, అంతే. అడుగున ప్రాణవాయువు ఉండదు కనుక దాన్ని కెలికే పురుగూ ఉండదు, కుళ్ళబెట్టే జీవులూ తక్కువే. పై నీళ్ళలో చచ్చిన గ్రాప్టొలైట్ కిందికి వచ్చి, ఎలా వాలిందో అలాగే ఉండిపోతుంది. పలచని రాయిలో ఎక్కువ కాలం, మందపాటి రాయిలో తక్కువ కాలం. గ్రాప్టొలైట్లు లేకపోతే ఈ సంగతి కంటికి ఆనేదే కాదు.

ఇవే ఎందుకు ఇంత బాగా పనికొచ్చాయంటే, ఇవి తేలే ప్రాణులు. గవ్వలూ నత్తలూ తమ అడుగు నేలని బట్టి బతుకుతాయి. ఇసుక నేలదొకటి, బురద నేలదొకటి. స్కాట్లాండులోని గవ్వని చైనా గవ్వతో పోల్చి ఒకే కాలం అనడం కష్టం. గ్రాప్టొలైట్లని ప్రవాహాలు సముద్రమంతా తిప్పేవి. పైగా త్వరత్వరగా రూపం మార్చుకున్నాయి. మొదట బోలెడు కొమ్మలతో వల అల్లినట్టు ఉండేవి. తర్వాత కొమ్మలు నాలుగైనాయి, రెండైనాయి. ఆ రెండూ వీపులు కలిపి రెండంచులా పళ్ళున్న ఒకే కాడ అయ్యాయి. సైలూరియన్ యుగం వచ్చేసరికి ఒక్క అంచునే పళ్ళున్న ఒంటి కాడ మిగిలింది. కొత్తవాళ్ళు కూడా ఈ మోటు వరస నేర్చుకుంటే, చేతిలోని పలక ఉరామరిగా ఏ కాలానిదో చెప్పేయగలరు. నిపుణుడైతే చాలా చోట్ల పదిలక్షల ఏళ్ళ ఖచ్చితత్వంతో చెబుతాడు. 44 కోట్ల ఏళ్ళ కిందటి సంగతికి అది చిన్న విషయం కాదు.

1879లో లాప్‌వర్త్ ఈ వరస ఆధారంగానే ఇంకో తగవు తీర్చాడు. వేల్స్ రాళ్ళలో కేంబ్రియన్ యుగం ఎక్కడ ముగుస్తుంది, సైలూరియన్ ఎక్కడ మొదలవుతుంది అని సెజ్విక్, మర్చిసన్ అనే ఇద్దరు పెద్దలు స్నేహం చెడేదాకా కొట్టుకున్నారు. ఇద్దరూ మధ్యలోని రాళ్ళు నావంటే నావన్నారు. ఇద్దరూ పోయాక లాప్‌వర్త్ ఆ మధ్య భాగాన్ని ఇద్దరికీ ఇవ్వకుండా విడిగా తీసి ఆర్డోవీషియన్ అని పేరు పెట్టాడు. అంతర్జాతీయంగా ఆ పేరు ఖాయం కావడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా లాప్‌వర్త్ ఒక్కడి చేతి మీదుగా జరగలేదు. బ్రిటన్ గ్రాప్టొలైట్లన్నిటినీ జాతి జాతిగా వర్ణించి, బొమ్మలు గీసి, ఏ జోన్‌లో ఏది ఉంటుందో పట్టిక వేసినది ఇద్దరు ఆడవాళ్ళు: గెర్‌ట్రూడ్ ఎలిస్, ఎథెల్ వుడ్. 1901 నుంచి 1918 దాకా భాగాలు భాగాలుగా ఆ గ్రంథం వెలువడింది. సంపాదకుడు లాప్‌వర్తే. ఎలిస్‌కి 1900లో లండన్ జియలాజికల్ సొసైటీ ఒక పురస్కారం ఇచ్చింది. సభకి ఆడవాళ్ళు రాకూడదన్న నియమం ఉండేది గనుక ఆవిడ దాన్ని స్వయంగా అందుకోలేకపోయింది. ఆ గ్రంథంలోని బొమ్మల్ని మాత్రం తర్వాతి తరాలు తమ చేతిలోని పలకల పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ వచ్చాయి.

ఇక ఖాళీల సంగతి. రాతి దొంతరలో పొరలు ఉన్నంతమాత్రాన కాలమంతా అక్కడ ఉన్నట్టు కాదు. సముద్రం వెనక్కి పోయి, పడిన బురద కోసుకుపోయి, మళ్ళీ సముద్రం వస్తే, కింది పొరకీ పై పొరకీ మధ్య కాలం జారిపోతుంది. స్కాట్లాండు తూర్పు తీరాన సిక్కర్ పాయింట్ అనే రాతి మొన దగ్గర ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కింద గ్రేవాకే పొరలు నిటారుగా ఉన్నాయి, వాటి తలల మీద ఎర్ర ఇసుకరాయి కొద్ది వాలుగా పరుచుకుంది. 1788లో జేమ్స్ హట్టన్ అనే భూవిజ్ఞాని పడవలో ఇద్దరు మిత్రుల్ని వెంటబెట్టుకొచ్చి చూపించాడు. నడుమ అంతులేని కాలం గడిచిందని ఆయన గ్రహించాడు. ఎంత అన్నదానికి ఆయన దగ్గర కొలత లేదు. ఖాళీలో శిలాజాలుండవు కాబట్టి దాని రెండు అంచుల్నీ లెక్క కట్టాలి. కింది గ్రేవాకే సైలూరియన్ తొలినాళ్ళదని ఆ కొండల గ్రాప్టొలైట్లు చెప్పాయి. పై ఎర్రరాయి ఆ తర్వాతి డెవోనియన్ యుగం చివరిదని చేపల శిలాజాలు చెప్పాయి. మధ్యలో పోయినది 6 కోట్ల ఏళ్ళకి పైమాటే.

సిక్కర్ పాయింట్‌లో ఖాళీ ఉందని కంటితో చూసే చెప్పొచ్చు. అసలు పరీక్ష కంటికి కనపడని ఖాళీతోనే. చైనాలో యాంగ్‌జీ నది పొడవునా వూఫెంగ్, లుంగ్‌మాషీ అని రెండు నల్ల షేల్ పొరలున్నాయి. కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఏ తేడా లేకుండా, నలుపు మీద నలుపు పరుచుకుని ఉంటాయి. ఆర్డోవీషియన్ చివర భూమి మీద పెద్ద మంచుయుగం వచ్చింది. సహారా ప్రాంతం అప్పట్లో ధ్రువం దగ్గరుండేది, అక్కడ హిమానీనదాలు పేరుకుని సముద్ర మట్టం పడిపోయింది. గ్రాప్టొలైట్లలో చాలా వంశాలు ఆ దెబ్బకి అంతరించాయి. యీచాంగ్ చుట్టుపక్కల సముద్రపు అడుగు కాస్త మెరకగా ఉండేది. చెన్ షూ అనే భూవిజ్ఞాని, ఆయన సహచరులు అక్కడి షేల్‌ని జోన్ జోన్‌గా చూస్తే, మెరక నడిబొడ్డుకి వెళ్ళేకొద్దీ ఒక జోన్, రెండు జోన్లు, ఇంకా ఎక్కువ జోన్లు లేకుండా పోతున్నాయి. అంటే ఆ మెరక ఎంత మేర, ఎంత కాలం అడ్డుపడి ఉందో పటం గీయొచ్చు. రాయిని ఎంత పట్టి చూసినా ఈ సంగతి బయటపడదు.

దీనికి ఇప్పుడు డబ్బు విలువ కూడా వచ్చింది. ఆ షేల్‌లోనే చైనా సహజవాయువు తీస్తోంది. బోరుబావి నుంచి పైకి తీసిన రాతి కడ్డీని పగలగొట్టి, గ్రాప్టొలైట్ చూసి, డ్రిల్లు ఏ మట్టంలో ఉందో చెబుతున్నారు. అందుకోసం వూఫెంగ్‌లో నాలుగు, లుంగ్‌మాషీలో తొమ్మిది, మొత్తం పదమూడు అంచెలకి నంబర్లు పెట్టుకున్నారు. వాయువు ఎక్కువగా ఉన్నది కింది అంచెల్లో. అవి లేనిచోట తవ్వితే డబ్బు నేలపాలే.

ఇన్ని చెప్పాక పరిమితులు కూడా చెప్పాలి. లోతు తక్కువ సముద్రపు సున్నపురాళ్ళలో గ్రాప్టొలైట్లు అరుదు. అక్కడ కోనోడాంట్లు అనే పంటి శిలాజాల మీద ఆధారపడతారు. ఇంకొకటి, గ్రాప్టొలైట్లు వరస చెబుతాయి కానీ ఏళ్ళు చెప్పవు. ఏళ్ళు చెప్పేవి డాబ్స్ లిన్ నల్ల షేల్ మధ్య వేలెడంత మందాన పాలిపోయినట్టు కనిపించే బంకమట్టి చారలు. అవి పాతకాలపు అగ్నిపర్వతాల బూడిద. వాటిలోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం ఎంత, సీసం ఎంత అని కొలిచి ఏళ్ళు లెక్కగడతారు. ఆర్డోవీషియన్, సైలూరియన్ల మధ్య ప్రపంచమంతటికీ ప్రామాణికమైన గీతని 1980లలో ఆ లోయలోనే పెట్టారు. బర్క్‌హిల్ షేల్ అడుగు నుంచి 1.6 మీటర్ల ఎత్తున, సుమారు 44 కోట్ల 30 లక్షల ఏళ్ళ దగ్గర. పొరలు బాగా నలిగిపోయాయనీ, గవ్వల శిలాజాలు లేవనీ ఆ చోటు మీద ఫిర్యాదులున్నాయి. అవి సబబైన ఫిర్యాదులే. అంతకుముందు, 1972లో, ఇలాంటి మొట్టమొదటి ప్రామాణిక స్థలాన్ని చెక్ దేశంలోని క్లోంక్ అనే గుట్ట మీద ఎంచుకున్నారు. అది సైలూరియన్ ముగిసి డెవోనియన్ మొదలయ్యే చోటు. అక్కడా గుర్తు గ్రాప్టొలైటే, మోనోగ్రాప్టస్ యూనిఫార్మిస్. డెవోనియన్ మొదటి భాగంలోనే, సుమారు 41 కోట్ల ఏళ్ళ కిందట, తేలే గ్రాప్టొలైట్లు అంతరించిపోయాయి.

మన దగ్గర ఇవి దొరుకుతాయా అని మీకు అనిపించి ఉంటుంది. తెలుగునాట దొరకవు. కడప, కర్నూలు రాళ్ళు గ్రాప్టొలైట్లు పుట్టకముందివి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన గ్రానైటు మీద నగరి క్వార్ట్‌జైట్ పరుచుకున్న చోటు జాతీయ భూవారసత్వ స్థలం. అక్కడి ఖాళీ 80 కోట్ల ఏళ్ళకి పైబడిందే అయినా, గ్రాప్టొలైట్లకి చాలా ముందుది. గోదావరి లోయలో, మంచిర్యాల, రామగుండం వైపు, ఇంకో ఖాళీ ఉంది. అడుగున సుల్లవాయి ఇసుకరాయి, అది కేంబ్రియన్‌కి ముందుది. దాని పైన తాల్చేర్ పొరలు, సింగరేణి బొగ్గు ఉన్న గోండ్వానా దొంతరకి అడుగుభాగం, పెర్మియన్ యుగపు తొలినాళ్ళవి. నడుమ 20 కోట్ల ఏళ్ళకి పైగా కాలం లేదు. ఆర్డోవీషియన్, సైలూరియన్ రెండూ ఆ లేని కాలంలోనే ఉన్నాయి. అంటే గ్రాప్టొలైట్లు ప్రపంచ సముద్రాల్లో తేలినన్నాళ్ళూ ఇక్కడ సముద్రమే లేకపోయి ఉండొచ్చు, లేదా పడిన బురద కోసుకుపోయి ఉండొచ్చు. ఈ ఖాళీ రెండంచుల్నీ వేరే సాక్ష్యాలతోనే కట్టారు. పైన గ్లోసాప్టెరిస్ ఆకు ముద్రలు, పుప్పొడి రేణువులు. కింద గ్లాకొనైట్ అనే పచ్చటి ఖనిజంలోని పొటాషియం, ఆర్గాన్ లెక్క.